రెండు గ్లాసుల నూనె

నాకు కోపం ఎక్కువని మా అత్తయ్య కనిపించిన వాళ్ళందరికీ చెప్తుంది. అంత శ్రమ అక్కర్లేదు. మా కోళ్ళ షెడ్డు పక్కన పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి నా గొంతు రోడ్డు దాకా వినిపించిందట. ఆ రోజు జరిగినదంతా ఆ గొంతుతోనే మొదలైంది కాబట్టి దాచుకునేదేమీ లేదు, ఉన్నదున్నట్టు చెప్తాను.

సాయంత్రం నాలుగింటికి కంపెనీ సూపర్వైజరు షెడ్డు చూడ్డానికి రావాలి. నాలుగంటే నాలుగే. మూడు యాభై తొమ్మిదికి గేటు బయట బండాపి, ఆ ఒక్క నిమిషం అక్కడే నిలబడి, అప్పుడు లోపలికొచ్చే మనిషి. అందుకే మేం అతనికి గడియారం అని పేరు పెట్టుకున్నాం. షెడ్డు శుభ్రంగా కడిగి ఉంటే శుక్రవారం మూడు వేల కోడిపిల్లలు దిగుతాయి. కడిగి లేకపోతే ఆ పిల్లలు వేరే షెడ్డుకి పోతాయి, మా పేరు జాబితాలోంచి కొట్టేస్తారు. ఒకసారి పేరు పోయిందా, ఇక ఏ కంపెనీ మా గేటు వైపు చూడదు. మాకు ఆ షెడ్డు తప్ప వేరే ఆధారం లేదు.

పోయిన విడతలోనే మా మీద ఒక మచ్చ పడింది. ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఆయన జనరేటరు వేశాడు. అది అయిదు నిమిషాలు తిరిగి ఆగిపోయింది. అంతకు రెండు రోజుల ముందు తనే దాన్ని విప్పి శుభ్రం చేశాడు. అప్పుడు కట్టేసిన డీజిల్ కుళాయి మళ్ళీ తిప్పడం మర్చిపోయాడు. ఆ సంగతి కనుక్కునేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఫ్యాన్లు లేని షెడ్డులో పన్నెండు వందల కోళ్ళు నోళ్ళు తెరుచుకుని చచ్చిపోయాయి. గుంట తనే తవ్వాడు, అన్నింటినీ తనే పూడ్చాడు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. అప్పటినుంచీ ఇంటికి తాళం వేసి నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి తాళం లాగి చూసుకోవడం మొదలుపెట్టాడు. గ్యాసు కట్టేశానా అని అర్ధగంటకోసారి అడుగుతాడు. ఆ పొయ్యి తను ముట్టుకోడు కూడా.

ఇక ఈ మిషను సంగతి. నీళ్ళని ప్రెషరుతో కొట్టే మిషను అది. గోడలకీ నేలకీ ఎండి అట్టకట్టిన రెట్ట దానికి తప్ప దేనికీ లొంగదు. పైన పెట్రోలు ఇంజిను, కింద పంపు. ఇంజినుకి ఒక నూనె, పంపుకి ఇంకో నూనె. పంపు పక్కన గుండ్రంగా చిన్న గాజు బిళ్ళ ఉంటుంది, అందులోంచి లోపలి నూనె కనిపిస్తుంది. మంచి నూనె తేనె రంగులో ఉంటుంది. లోపలికి నీళ్ళు చేరితే తెల్లబడుతుంది. తెల్లబడ్డ నూనెతో నడిపితే పంపు లోపల అరిగిపోయి మూలన పడుతుంది.

ఆ వారంలో ఆ నూనె అప్పటికే రెండుసార్లు తెల్లబడింది. రెండుసార్లూ మా ఆయన తీసేసి కొత్తది పోశాడు. అందుకే కడుగుడు వాయిదా పడీ పడీ చివరి రోజుకొచ్చింది. ఆ పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. షెడ్డులో పావు వంతు కూడా కాలేదు, గొట్టంలో నీళ్ళ జోరు తగ్గింది, పంపు మూలగడం మొదలైంది. ఆయన ఇంజిను ఆపి, వంగి గాజు బిళ్ళలోకి చూశాడు.

"మళ్ళీ తెల్లబడింది," అన్నాడు.

"ఏ నూనె పోశారు?"

"పంపు నూనే."

"పంపు నూనె అయితే పాలెందుకవుతుంది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

మా నూనెలన్నీ షెడ్డు బయటి అరలో ఉంటాయి. చమురు అంటీ అంటీ సీసాల మీది కాగితాలు ఎప్పుడో ఊడిపోయాయి. ఇంజిను నూనె, పంపు నూనె, రెండూ ఒకే రకం సీసాలు, చూడ్డానికి ఒకే రంగు. పంపు నూనె సీసా మెడకి ఆయన దారం కట్టాడు. అదే మా ఇంటి పద్ధతి.

"దారం కట్టిందే పోశాను. కావాలంటే చూడు," అన్నాడు.

"ఆ దారం కట్టింది ఎవరు? మీరేగా. డీజిల్ కుళాయి తిప్పానని చెప్పింది కూడా మీరేగా."

అక్కడితో ఆపేసి ఉంటే సరిపోయేది. కానీ ఎనిమిదయింది, ముప్పావు షెడ్డు మిగిలే ఉంది, నాలుగింటికి గడియారం వస్తాడు. ఒళ్ళు మండిపోతోంది.

"ఆ కోళ్ళని చంపింది ఎండ కాదు," అన్నాను. "మీ చేతులు. ఇప్పుడు పంపుని కూడా చంపాయి. మీ చేతులు పడ్డాక ఏదీ బతకదు."

ఇదీ రోడ్డు దాకా వినిపించిన మాట. ఆయన నడుముకి దోపుకున్న గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు, మళ్ళీ మొదటినుంచీ తుడుచుకున్నాడు. వరండాలో కూర్చున్న అత్తయ్య మాత్రం, "నోరు మూసుకోవే తల్లీ, నీ నోరే ఆ మిషనుకి తగిలిస్తే గోడలకి రంగు కూడా మిగలదు," అంది. ఇంకో రోజయితే నవ్వేదాన్ని.

మిషనుని బండికెక్కించి టౌనుకి తీసుకెళ్దామని వాలుగా చెక్క వేశాను. ఆయన పట్టడానికి వచ్చాడు.

"ముట్టుకోకండి," అన్నాను.

ఆగిపోయాడు. నేనొక్కదాన్నే దాన్ని చెక్క మీదుగా తోసుకుంటూ ఎక్కించాను. ఎలా ఎక్కించానో ఇప్పటికీ తెలియదు. బండి కదిలాక అద్దంలో చూస్తే, ఆయన చేతులు అలాగే ముందుకు చాపుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

టౌనులో నూనెల షాపాయన ఏ సీసా ఇచ్చినా ముందు మూత తీసి వాసన చూస్తాడు. వెనకాల అందరూ ఆయన్ని ముక్కు అనే అంటారు. ముక్కు బండి దగ్గరికి వచ్చి, గాజు బిళ్ళలోకి చూసి, నుదురు చిట్లించాడు.

"ఇంజిను నూనె పోసినట్టున్నారే," అన్నాడు.

"చూశారా, నేనూ అదే అన్నాను." ఆ క్షణాన నాకు కలిగిన తృప్తి తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

"అలాగని గట్టిగా చెప్పలేనమ్మా. ఇంజిను నూనెలో మురికిని కడిగే మందు కలుపుతారు. ఇంజినుకి మంచిదే. పంపుకి మాత్రం పనికిరాదు, నీళ్ళ చుక్క పడితే చాలు నురగ కట్టి, ఆ నీళ్ళని వదలదు. పంపుకి ఆ మందు లేని ముప్పై నంబరు నూనె పొయ్యాలి. అందులో నీళ్ళు పడ్డా కిందికి దిగిపోతాయి, నూనె పైన తేలుతుంది. కానీ మంచి నూనె పోసినా, సీలు పోయి ఆగకుండా నీళ్ళు దూరుతుంటే ఇలాగే తెల్లబడుతుంది. ఇంతకీ మీవాళ్ళు పోసిన నూనె తెచ్చారా?"

తేలేదు. మిషను తెచ్చాను, కోపం తెచ్చాను, నూనె సీసా మాత్రం అరలోనే వదిలేశాను.

"మరి ఈ పాల వాసన చూసి నేనేం చెప్పను," అన్నాడు ముక్కు. "ఇంట్లో ఎవరన్నా ఉంటే చూడమనండి. గ్లాసులో నీళ్ళు పోసి, పైన నూనె పోసి, బాగా గిలక్కొట్టి కదపకుండా పెట్టాలి. గంట ఆగితే తేలిపోతుంది. నీళ్ళు విడిపోతే పంపు నూనె, విడిపోకుండా తెల్లగానే ఉంటే ఇంజిను నూనె."

నేను అక్కడికక్కడే మా ఆయనకి ఫోన్ చేశాను. నిజం చెప్పాలంటే, నూనె సంగతి తేల్చుకోవడానికి కాదు. తప్పు నీదేనని ఆయన చేతనే ఒప్పించడానికి.

"రెండు గ్లాసులు తీసుకోండి," అన్నాను. "రెండింట్లో సగం నీళ్ళు పొయ్యండి. ఒకదాంట్లో మీ దారం సీసాలోది, ఇంకోదాంట్లో ఇంజిను నూనె. గిలక్కొట్టి కిటికీలో పెట్టండి. విడిపోతే పంపుది, తెల్లగా ఉండిపోతే ఇంజినుది. మీరేం పోశారో మీ కళ్ళతో మీరే చూసుకోండి."

"సరే. ఎంతసే..." అని ఏదో అడగబోయాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ముక్కు మందు లేని ముప్పై నంబరు నూనె కొత్త సీసా ఇచ్చాడు. మూత తీసి వాసన చూసే ఇచ్చాడు. "ఊరికే నూనె మారిస్తే లాభం లేదు, ముందు లోపల చూపించండి," అని వెనక వీధిలో పంపులు బాగు చేసే మేస్త్రి దగ్గరికి పంపాడు.

మేస్త్రి ముసలాయన. చెవి దగ్గర దారంతో కట్టుకున్న కళ్ళజోడు, మోకాళ్ళ మీద గోనెపట్ట. నేను ఒకటే మాట చెప్పాను.

"నాలుగింటికి షెడ్డు చూడ్డానికి వస్తారు. అప్పటికి కడగకపోతే మా బతుకు రోడ్డున పడుతుంది."

"అలాగే తల్లీ," అని వెంటనే స్పానరు తీశాడు. బేరం లేదు, కబుర్లు లేవు. తెల్లటి నూనెని రేకు డబ్బాలోకి దించాడు. పంపు విప్పాడు. లోపలినుంచి మూడు రబ్బరు రింగులు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. అవే సీళ్ళు. అంచులు బయటికి తిరగబడి ఉన్నాయి.

"అరిగి పోయినవి కావివి," అన్నాడు. "లోపలినుంచి తోపుడుకి పోయాయి. వింతగా ఉందే."

తర్వాత నూనె పోసే చోట ఉండే నల్ల మూత తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి తప్ప గాలి అవతలికి పోలేదు. జోడు పైకి తోసుకుని, మూత మీద గోటితో గీకాడు.

ఆయన గోరు పెట్టిన చోటు నాకు తెలుసు.

నెల కిందట మిషనుని బండిలో వేసుకుని మా చెల్లెలి వాళ్ళ షెడ్డుకి తీసుకెళ్ళాను. బండి కుదిపినప్పుడల్లా ఆ మూత మీదున్న సూది మొనంత చిల్లులోంచి నూనె చుక్కలు చిందాయి. దాణా బస్తాలు వేసుకొచ్చే బండి అది, నేను వారానికోసారి సబ్బు పెట్టి రుద్దే బండి. నాకు చిర్రెత్తుకొచ్చింది. మూతకి చిల్లు పడింది కాబోలు అనుకున్నాను. పైపులు కారితే పెట్టే జిగురు ముద్ద ఇంట్లో ఉంది. చిటికెడు పిసికి ఆ చిల్లులో కూరి, వేలితో నున్నగా రుద్ది, ఆరాక పైన నల్ల రంగు కూడా పూశాను. చేసిన చోటు నాకే కనిపించకుండా పోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. మా ఆయనకి చెప్పలేదు. మూత కారుతోందని చెప్తే దాన్ని పట్టుకుని పూటంతా చూస్తాడు, ఆయనకెందుకులే అనుకున్నాను.

"దీన్ని ఎవరు పూడ్చారమ్మా?" అన్నాడు మేస్త్రి.

"ఏమో. అలాగే వచ్చిందేమో," అన్నాను.

అంత సులువుగా వచ్చింది అబద్ధం. మేస్త్రి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ మూత వైపు చూశాడు.

"కంపెనీవాళ్ళు జిగురు పెట్టి రంగు వెయ్యరు తల్లీ. ఇది పంపు ఊపిరి తీసుకునే దారి. నడుస్తుంటే లోపల వేడెక్కి గాలి ఉబ్బుతుంది. అది ఇందులోంచి పోవాలి. పోకపోతే సీళ్ళని తోసేస్తుంది. చల్లారాక ఆ సందుల్లోంచే నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. ఇక మీరు ఏ నూనె పోసినా పాలే. ఎవరో గానీ తెలిసి చెయ్యలేదులే."

"మరి నూనె?"

"నూనెకేం తెలుసు పాపం," అన్నాడు.

సూది కాల్చి ఆ జిగురుని కొంచెం కొంచెంగా తోడాడు. కొత్త సీళ్ళు వేశాడు. ముక్కు ఇచ్చిన నూనె గాజు బిళ్ళ సగం దాకా పోసి, అంతకంటే పొయ్యకూడదని చూపించాడు. ఇదంతా అయ్యేసరికి పన్నెండున్నర. నేను ఆ గంటన్నరా బల్ల అంచు మీద కూర్చుని, ఇంటికి ఫోన్ చెయ్యాలి, చెయ్యాలి అనుకుంటూనే ఉన్నాను. ఏమని చెయ్యను? పొద్దున్నే అన్నన్ని మాటలన్నాను కదా. ముందు షెడ్డు కడిగేద్దాం, గడియారం చూసి తలూపి వెళ్ళిపోనీ, రాత్రి అన్నాలు తిన్నాక మెల్లగా చెప్దాం అనుకున్నాను. అప్పటికి అంతా చల్లబడుతుంది అనుకున్నాను. ఇంకో మాట కూడా అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను. చెప్పకపోతే మాత్రం ఏం, ఎవరికి తెలుస్తుంది అని.

ఇంటికొచ్చేసరికి మా ఆయన లేడు.

"ఎక్కడికెళ్ళారు?" అని అత్తయ్యని అడిగాను.

"నాకేం చెప్తాడు. గ్లాసుల్లో ఏదో పోసి గిలక్కొట్టి కిటికీలో పెట్టాడు. వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అటు తిరిగి ఫోన్లో ఏదో మాట్లాడాడు, చొక్కా మార్చుకుని నడుచుకుంటూ పోయాడు. అన్నం తినలేదు. ఫోను కూడా కిటికీలోనే వదిలేసి పోయాడు."

అలిగాడు అనుకున్నాను. అలిగితే ఆయన రోడ్డు చివరి దాకా నడిచి వస్తాడు, పెళ్ళైన దగ్గర్నుంచీ అదే అలవాటు. నాకు కిటికీ దాకా వెళ్ళే తీరిక కూడా లేదు. మిషను దించి, తాడు లాగాను. ఒక్క గుంజుకే అందుకుంది. నీళ్ళు గోడని కొడుతుంటే ఎండిన రెట్ట పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. అయిదు నిమిషాలకోసారి వంగి గాజు బిళ్ళ చూశాను. తేనె రంగే. పది నిమిషాలకి చూశాను, తేనె రంగే. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కడిగాను, ఎలాగూ మొహమంతా నీళ్ళే.

ఇద్దరు చెయ్యాల్సిన పని అది. ఒకరు గొట్టం పట్టుకుంటే ఒకరు వెనకనుంచి నీళ్ళు తోసెయ్యాలి. నేను గొట్టం పట్టుకుని ఇరవై అడుగులు కడిగి, ఆపి, చీపురుతో తోసి, మళ్ళీ గొట్టం పట్టాను. భుజాలు పడిపోయాయి. అత్తయ్య చూడలేక చీర బొడ్డున దోపుకుని వచ్చి చీపురు లాక్కుంది. డెబ్భై ఏళ్ళ మనిషి. "ఇంతకీ ఏమైందట దానికి?" అని అడిగింది.

"సీళ్ళు పోయాయట."

"నూనె కాదా?"

"కాదు."

"మరి వాణ్ణి అన్ని మాటలన్నావే."

ఇంజిను చప్పుడులో వినపడనట్టు నటించాను.

మూడూ నలభైకి చివరి గోడ అయింది. తలుపులన్నీ తీసిపెట్టాం. నేల కడిగిన పళ్ళెంలా ఉంది. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళినప్పుడు కిటికీలో ఆ రెండు గ్లాసులు కనిపించాయి. ఒకటి ఇంకా తెల్లగానే ఉంది, పాలు పోసినట్టు. రెండోదాంట్లో కింద సగం నీళ్ళు, పైన సగం నూనె, మధ్యలో గీత గీసినట్టుంది. దాని పక్కనే మెడకి దారం కట్టిన సీసా.

నాకు నవ్వొచ్చింది. ఆ పూటకి మొదటి నవ్వు. ఆయన రాగానే దాన్ని చూపిస్తాను, మీ నూనె సరైనదే, నేనే వెధవ మాటలన్నాను అని చెప్తాను, మూత సంగతి కూడా చెప్పేస్తాను అనుకున్నాను. చెప్పగలను అనిపించింది. అత్తయ్యకి చూపిస్తే ఆవిడ కళ్ళు చికిలించుకుని చూసి, "వాడున్నప్పుడు ఇలా లేవే ఇవి," అంది. "రెండూ తెల్లగానే ఉన్నాయి."

"ఎంతసేపు చూశారు?"

"ఎంతసేపు? ఓ పది నిమిషాలు. అంతే, ఫోన్ తీశాడు."

గంట ఆగాలని ముక్కు నాకు చెప్పాడు. నేను ఆయనకి చెప్పలేదు. ఎంతసేపు అని అడగబోతే ఫోన్ పెట్టేశాను. ఆ పది నిమిషాల్లో రెండు గ్లాసులూ తెల్లగా ఉంటే, ఆయనకి ఏమని అర్థమై ఉంటుంది? రెండింట్లోనూ ఇంజిను నూనే ఉందని. దారం తప్పు సీసాకి కట్టానని. నేనన్నదే నిజమని.

గేటు దగ్గరికి పరిగెత్తాను. నాలుగయింది. గడియారం రాలేదు. నాలుగూ అయిదు. ఆ మనిషి మా గేటుకి ఎనిమిదేళ్ళుగా వస్తున్నాడు, ఒక్కసారి కూడా ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యలేదు. నాలుగూ పదికి లోపలికెళ్ళి మా ఆయన ఫోన్ తీసి గడియారం నంబరు కోసం వెతికాను. వెతకాల్సిన పని లేకపోయింది. ఆ ఫోన్లోంచి చివరిగా వెళ్ళిన ఫోన్ అతనికే.

"మీవాళ్ళు చెప్పలేదా అమ్మా?" అన్నాడు గడియారం. "షెడ్డు కడగలేకపోయాం, రావద్దు అని పొద్దునే ఫోన్ చేశారు. అలా నోటిమాట మీద కుదరదంటే ఆఫీసుకొచ్చి కాగితం మీద రాసిచ్చారు కూడా. ఆ పిల్లల్ని మధ్యాహ్నమే వేరేవాళ్ళకి రాసేశాం."

"షెడ్డు కడిగేశామండీ. ఇప్పుడు రండి. చూడండి. నేల మీద కూర్చుని తినొచ్చు."

"ఇప్పుడు నేను చూసి ఏం లాభం అమ్మా. పిల్లలు లేవు."

"తప్పు ఆయనది కాదండీ. నాది. మూత నేను పూడ్చాను. కావాలంటే నేనూ రాసిస్తాను. ఆ కాగితం చింపెయ్యండి."

అతనికి మూత ఏమిటో తెలియదు. "పేరు కొట్టెయ్యమని పైకి పంపేశానమ్మా," అన్నాడు. "నా చేతుల్లో లేదు." చెడ్డవాడు కాదు. నేను ఏడుస్తున్నంతసేపూ ఫోన్ పెట్టెయ్యకుండా ఉన్నాడు.

నాలుగున్నర దాటాక మా ఆయన వచ్చాడు. అంత దూరం వెళ్ళడం రావడం నడకే. చొక్కా వీపుకి అంటుకుపోయింది, జేబులో రాసిచ్చిన కాగితం నకలు మడిచి ఉంది. తెరిచి ఉన్న తలుపులోంచి షెడ్డు చూసి గడప దగ్గరే ఆగిపోయాడు. లోపల తడి నేల మీద వెలుగు పడుతోంది.

"కడిగేశావా," అన్నాడు.

"కడిగాను."

"ఏ నూనె పోశావు?"

"మీరు పోసిందే. అదే రకం."

నమ్మలేదు. చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గ్లాసులు చూపించాను. దారం సీసా పక్కనున్న గ్లాసుని పైకెత్తి, వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు.

"నేను చూసినప్పుడు రెండూ తెల్లగానే ఉన్నాయి," అన్నాడు. "నువ్వన్నదే నిజం అనుకున్నాను. మొన్న జనరేటరు, ఇవాళ పంపు. రేపు ఆ మూడు వేల పిల్లలు దిగాక ఇంకోటేదో మర్చిపోతాను. నా చేతుల్లోకి మళ్ళీ ప్రాణాలెందుకు అనిపించింది. నీ పేరు ఎక్కడా రాయలేదు. అంతా నా తప్పేనని రాశాను."

"గంట ఆగాలి," అన్నాను. "షాపాయన చెప్పాడు. మీకు నేను చెప్పలేదు. చెప్పకుండా ఫోన్ పెట్టేశాను."

ఆయన తలూపాడు. అది పర్వాలేదన్నట్టు ఊపాడు. అక్కడితో ఆగిపోవచ్చు. అత్తయ్యకి కూడా తెలియదు, మేస్త్రి మా ఇంటికి రాడు. నేను మిషను దగ్గరికి వెళ్ళి పంపు మీది నల్ల మూత తిప్పి తీశాను. తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను.

"దీనికి పైన చిల్లు ఉంటుంది. అది ఉండాలిట. నేను జిగురు పెట్టి పూడ్చేశాను, నెల కిందట. పంపు దానివల్లే పోయింది. మీ నూనె వల్ల కాదు, మీ చేతుల వల్ల కాదు. నావల్ల."

మూతని కంటి దగ్గర పెట్టుకుని ఆ చిల్లులోంచి బయటికి చూశాడు. అంచున ఇంకా కొంచెం జిగురు ఉంది. నేను అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను. పొద్దున నేనన్న మాటల్లో సగం అన్నా చాలు, తలొంచుకుని పడేదాన్ని.

"ఎందుకు పూడ్చావు?" అన్నాడు.

"బండిలో నూనె కారుతోందని."

ఆయన వెళ్ళి మూతని పంపుకి బిగించాడు. రెండు చుట్లు తిప్పి, సరిగ్గా పట్టిందో లేదో వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ బిగించాడు. పంపు కింద నేల మీద ఒక నూనె చుక్క పడి ఉంది.

"నాకొక్క మాట చెప్తే కింద గుడ్డ వేసేవాణ్ణి కదా," అన్నాడు. నడుముకున్న గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ చుక్క మీద పరిచాడు.